పాత గేమ్ సెట్టు: క్యాసెట్‌దా, డిస్క్‌దా? మన ఉప్పుగాలికి ఏది మేలు?

దసరా దాటి వానలు మొదలయ్యాయంటే నన్ను అందరూ ఇదే అడుగుతారు. "అన్నా, చిన్నప్పుడు ఆడిన గేమ్ సెట్టు ఒకటి కొనుక్కుందామని ఉండాది. క్యాసెట్‌ది తీసుకోమంటావా, డిస్క్‌తో ఆడే సోనీ ప్లేస్టేషన్ 2, అదే పీఎస్2, తీసుకోమంటావా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లే. నా దగ్గర రెండూ ఉండేవి. పోయిన నెల ఒకటి ఇచ్చేసి ఒకటి ఉంచుకున్నాను. ఎందుకో చెప్తాను.

బొమ్మలో, ఆటల్లో పీఎస్2తో క్యాసెట్ సెట్టుకి పోటీయే లేదు. ఆ సంగతి మీకూ తెలుసు. నేను చూసేది మాత్రం ఒక్కటే. పాడైనప్పుడు, పాడైన చోటు మన చేతికి అందుతుందా? ఇరవై, ముప్పై ఏళ్ల నాటి వస్తువు ఏదో ఒకరోజు మొరాయించక తప్పదు. అప్పుడు మనం ఏం చేయగలం అన్నదాన్నిబట్టే అది ఇంట్లో ఉంటుందో అటకెక్కుతుందో తేలుతుంది.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రం పక్కన ఉండేవాళ్లకి గేటు గొళ్లేలు ఎట్టా తుప్పు పడతాయో చెప్పనక్కర్లేదు. అదే గాలి సెట్టులోకీ పోతుంది. మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బీరువాలో బట్టలకే బూజు వాసన వస్తుంటే, లోపల సన్నని రాగి గీతలున్న బోర్డు సంగతి ఆలోచించండి. కనిగిరి వైపు తేమ తక్కువ, దుమ్ము ఎక్కువ. అక్కడ లెక్క కొంచెం వేరే.

క్యాసెట్‌లో ఆట రోమ్ చిప్‌లో, అంటే రాసింది చెరగని చిప్‌లో ఉంటుంది. తిరిగేది, కదిలేది ఏమీ లేదు. 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చిన ఫ్యామికామ్ సెట్టుతో వచ్చిన క్యాసెట్లు ఇప్పటికీ ఆడుతున్నాయి. తేమ దెబ్బ ముందుగా తగిలేది పిన్నులకి. పైన పూత అరిగిపోయి రాగి మీద పొర కడుతుంది. తెర మీద గళ్లు గళ్లుగా పిచ్చి గీతలు వస్తాయి. అదంతా పైపై మురికే. తుడిస్తే పోతుంది.

మనమంతా క్యాసెట్ తీసి ఊది పెట్టినవాళ్లమే. ఊదితే ఆడేది, నిజమే. కానీ పని చేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం. పిన్నులు ఒకదానికొకటి రాసుకుని కొత్తచోట తగులుతాయి. ఊపిరిలో తేమ అక్కడే మిగిలిపోయి పొరని ఇంకా పెంచుతుంది. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ ఒక్క అలవాటు మాన్పించండి.

తుడవడానికి మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది, చెవుల్లో పెట్టుకునే కాటన్ బడ్స్ చాలు. బడ్ నల్లబడడం ఆగేదాకా మార్చి మార్చి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. శానిటైజర్ వాడకండి, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. పెన్సిల్ రబ్బరు చివరి ప్రయత్నంగా ఒకసారి, మెల్లగా. అది మురికితో పాటు పూతనీ గీకేస్తుంది.

క్యాసెట్ సెట్లలోనూ పైనుంచి గుచ్చేవే తీసుకోండి. మన అంగళ్లలో అమ్మిన నకలు సెట్లు ఎక్కువగా ఫ్యామికామ్ లాగే 60 పిన్నులవి, పైనుంచి గుచ్చేవి. అమెరికాలో 1985లో వచ్చిన నింటెండో సెట్టు ఎన్ఈఎస్‌కి 72 పిన్నులు. ముందునుంచి తోసి కిందికి నొక్కాలి. వాడగా వాడగా లోపలి పిన్నులు వదులైపోతాయి. పైగా అసలు క్యాసెట్టేనా అని చూసే దాని తాళం చిప్‌కి క్యాసెట్ సరిగ్గా అందకపోతే లైటు ఆరుతూ వెలుగుతూ సెట్టు పదే పదే మొదటికొస్తుంది.

నకలు సెట్లకి లోటు లేకపోలేదు. చాలావాటిలో చిప్ బదులు బోర్డు మీద నల్లని జిగురు చుక్క ఉంటుంది. అది పోతే సెట్టు పోయినట్టే. కానీ ఎక్కువగా పోయేది అది కాదు. స్విచ్, అడాప్టర్ వైరు, 7805 అనే వోల్టేజీ తగ్గించే మూడు కాళ్ల ముక్క. అన్నీ ఏ రేడియో రిపేరు అంగట్లోనైనా దొరికేవే.

సేవ్ చేసుకునే క్యాసెట్లలో మాత్రం మూడు వోల్టుల బటన్ బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆట ఆడుతుంది గానీ దాచుకున్నదంతా పోతుంది. కొత్త బ్యాటరీకి నేరుగా టంకం వేడి తగిలించకండి. రేకు కాళ్లున్నది కొనండి, లేదా హోల్డర్ పెట్టించండి.

ఇక పీఎస్2. 2000లో వచ్చింది, కోట్లలో అమ్ముడైంది, మన వీధుల్లో గంటకింత అని ఆడించిన షాపులూ ఎన్నో. దాని ప్రాణం లేజర్ లెన్సులో ఉంది. మొన్నటి వానల్లో నాది డిస్క్ చదవడం మానేసింది. విప్పి చూస్తే లెన్సు మీద పల్చటి మసక. తుడిచాను, రెండు వారాలు ఆడింది. తర్వాత తుడిచినా లాభం లేదు. లేజర్ మార్పించాను. కొత్తదని ఇచ్చారు గానీ కొన్ని డిస్కులు చదువుతుంది, కొన్ని చదవదు. అరిగిన లేజర్‌ని మనం బాగుచేసుకోలేం, మార్చుకోవడమే, అది కూడా దొరికితేనే. ఇంట్లో రాసుకున్న సీడీలైతే ఎండకి, వేడికి వాటి రంగు పొరే పాడవుతుంది.

పీఎస్2 వైపు కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. లావు మోడల్‌కి హార్డ్ డిస్క్ తగిలించి ఆటలు అందులోంచే నడిపేవాళ్లున్నారు. అప్పుడు లేజర్ గొడవే ఉండదు. ఆ ఓపిక ఉంటే, డిస్క్ సెట్టే కావాలనుకుంటే, ఆ దారిలో వెళ్లండి. మెమరీ కార్డుకి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మొదటి ప్లేస్టేషన్‌దీ ఇదే కథ, లేజర్ ఇంకా పాతది. మొదటి ఎక్స్‌బాక్స్ కొంటే లోపల గడియారానికి కరెంటు దాచే కెపాసిటర్ నుంచి ద్రవం కారిందేమో ముందు చూపించండి. అది కారితే బోర్డుని తింటుంది.

అడాప్టర్ దగ్గర మాత్రం తొందరపడకండి. మా బావ జపాన్ నుంచి తెప్పించిన ఫ్యామికామ్ అడాప్టర్‌ని అట్టాగే మన ప్లగ్గులో పెట్టాడు. అది 100 వోల్టులది, మనది 230. నిమిషంలో కాలిన వాసన. అదృష్టంకొద్దీ సెట్టు బతికింది. ఫ్యామికామ్‌కి డీసీ కావాలి, మధ్య పిన్ను నెగటివ్ ఉండాలి. ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది ఏసీ, దాన్ని వేరే దేనికీ పెట్టకూడదు.

నేను ఉంచుకున్నది క్యాసెట్ సెట్టే. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, నేలకి దూరంగా పెట్టాను. బట్టల బీరువాలో పెట్టలేదు, అందులో కలరా ఉండలుంటాయి. వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. వానాకాలంలో వారానికోసారి అరగంట ఆడిస్తాను, లోపల వేడెక్కి తేమ ఆరుతుందని.

కొనడానికి వెళ్లేటప్పుడు మీకు బాగా ఆడుతుందని తెలిసిన క్యాసెట్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. వాళ్ల క్యాసెట్‌తో కాదు, మీదానితో అరగంట ఆడించండి. మధ్యలో సెట్టుని కొంచెం కదిలించండి. బొమ్మ చెదిరితే పిన్నులు తుడవాల్సి ఉందన్నమాట, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.