పాత స్పీకర్లు ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చే ముందు ఒక్క నిమిషం (విజయవాడ వాళ్లకి)

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. గవర్నరుపేటలో ఆడియో సామాను కొనేవాళ్లకి ఏ షాపో అర్థమయ్యే ఉంటుంది. పేరు రాయను.

నాన్నగారివి సోనోడైన్ కంపెనీ స్పీకర్లు. ఈమధ్య సౌండ్ పెంచితే బేస్ బరబరలాడుతోంది. ముందు ఆంప్లిఫయర్ మార్చాలా, స్పీకర్లు మార్చాలా అని అడగడానికి వాటిని ఆటోలో వేసుకుని వెళ్లాం. షాపాయన జాలీ పీకి చూసి, "కాయిల్ కాలిపోయిందండీ, ఇక పనికిరావు" అన్నాడు (కాయిల్ అంటే స్పీకర్ లోపలి తీగచుట్ట). వాటికి 1,500 కట్టి, 5000 వాట్ల టవర్ సెట్ 26 వేలకి అంటగట్టాడు.

ఇంటికొచ్చి పాట పెడితే ఒకటే దబదబ, గొంతు ఎక్కడో అడుగున. వెనక స్టిక్కర్ మీద 230 వోల్టులు, 80 వాట్లు అని ఉంది. కరెంటు 80 వాట్లు తీసుకునేది 5000 వాట్లు ఎక్కణ్ణుంచి ఇస్తుంది? నిజంగా అంత లాగితే 21 ఆంపియర్లు దాటాలి, దానికున్నది 6 ఆంప్స్ ప్లగ్గు. అట్టపెట్టె మీద ఉన్నది పీఎంపీఓ (క్షణకాలం రాగల గరిష్ఠ పవర్ అని చెప్పుకునే అంకె) లెక్క, ఉత్త అంకెల గారడీ.

వాపసు ఇద్దామని నాన్నగారిని తీసుకుని వెళ్లాను. డెమో ర్యాక్‌లో మా స్పీకర్లే పాడుతున్నాయి! ఊఫర్ల (బేస్ పలికించే పెద్ద కోన్‌ల) చుట్టూ కొత్త ఫోమ్ రింగులు, పైన 18 వేలని చీటీ. కాయిల్ కాలలేదు, ఏమీ కాలేదు. మన ఊరి ఉక్కకి ఫోమ్ చివికిపోయింది, అంతే. రింగులు మారిస్తే బాగుపడేదే. ఎడమ డబ్బా మూల మీద దసరాకి అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు మరక కూడా అలాగే ఉంది. నాన్నగారు దాన్ని చూపించి, "ఇవి మావి బాబూ" అన్నారు. ఆ షాపువాడు బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, మా ఎదురుగానే ఆ బొట్టు రుద్ది తుడిచేశాడు. "ఇప్పుడు చెప్పండి, ఎవరివి?" అన్నాడు. పక్కన కుర్రాళ్లు నవ్వారు. నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. డబ్బు పోతే పోయింది, డెబ్బై ఏళ్ల మనిషిని అలా అవమానిస్తారా?

సౌండ్ అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్లు వాట్లు చూసి పరిగెత్తకండి. 50 వాట్ల ఆంప్ తీసి 100 వాట్లది పెట్టినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా. తేడా ఎక్కువగా తెలిసేది స్పీకర్లలో. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) ఎంతో అడగండి. కాయిల్ పోయిందంటే మల్టీమీటర్ (ఓమ్స్‌లో నిరోధం కొలిచే మీటరు) పెట్టి చూపించమనండి. 8 ఓమ్స్ స్పీకర్ బాగుంటే ఆరేడు ఓమ్స్ చూపిస్తుంది, కాయిల్ తెగితే రీడింగే రాదు. ఎక్స్ఛేంజ్‌కి ఏమిచ్చారో మోడల్‌తో సహా బిల్లులో రాయించుకోండి. మా బిల్లులో ఉంది కాబట్టే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ వేస్తున్నాను, కొన్నదానికి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఆ షాపులో కొత్త ఫోమ్ వేసిన పాత సోనోడైన్ జత ఎవరికైనా చూపిస్తే దయచేసి కొనకండి. అవి మా నాన్నగారివి.