భగినీ హస్త భోజనానికి వెళ్లి గాలం వేశాం

ఏటా దీపావళి వెళ్లిన రెండో రోజు భగినీ హస్త భోజనానికి విశాఖ వెళ్తాను. ఎంవీపీ కాలనీలో అక్క చేతి పులిహోర ఒక కారణం, బావ దగ్గరున్న గాలాలు రెండో కారణం. అమావాస్య దాటిన ఆ రెండు మూడు రోజులూ ఆటుపోట్లు బాగా బలంగా ఉంటాయి. ఈసారి ఆన్‌లైన్లో 2,800 పెట్టి ల్యూర్లు, అంటే చేపని మభ్యపెట్టే నకిలీ ఎరలు కూడా కొన్నాను. ఎర్రది, వెండి రంగుది, తోక ఊపేది. స్టేషన్లో డబ్బా తెరిచి చూపిస్తే బావ నవ్వాడు. "ఏటిరా, సముద్రానికి నగలు పెడతావేటి?"

బీచ్ రోడ్డు ఎక్కాక అర్థమైంది. నీళ్లు పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి. అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వీచడం మొదలవుతుంది, తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. వానలకి పొంగిన నదుల నీళ్లన్నీ అది మోసుకొస్తుంది. ఒడ్డున ఉప్పూ తగ్గుతుంది, నీళ్లూ మసకబారతాయి. ఆ మసకలో చేప ఎరని చూసి కాదు, వాసన పట్టి వస్తుంది. మెరిసే ల్యూరు పని మార్చిలో, తేట నీళ్లలో.

స్టేషన్ నుంచి నేరుగా ఫిషింగ్ హార్బరుకే వెళ్లాం. తెల్లవారుజాము వేలంపాట దగ్గర చిన్న రొయ్యలు, కవళ్లనే చిన్న చేపలు కొని ఐసు పెట్టెలో వేశాం. ఎర కొనడానికి ఊళ్లో ఇంతకన్నా మంచి చోటు లేదు. పడవ సంగతే చెడింది. మర్నాటికని ఫోనులో 1,000 అడ్వాన్సు తీసుకున్న మనిషిని లైఫ్ జాకెట్లు చూపించమంటే, "కావాలంటే ట్యూబుంది సార్" అన్నాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరిది, ఈ నెలల్లో ట్యూబు నమ్ముకుని ఎవరు వెళ్తారు? వద్దన్నాం. 500 వెనక్కొచ్చింది.

భోజనం అయ్యాక సాయంత్రం తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరకి వెళ్లాం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఇక్కడికే. చూడ్డానికి గొప్ప చోటు, గాలానికి నరకం. గంటలో నాలుగు సీసం గుండ్లు రాళ్ల సందుల్లో పోయాయి, నాచు మీద రెండుసార్లు జారాను. సముద్రం సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ సూచనల్లో అల రెండు మీటర్లు దాటితే ఆ రాళ్లెక్కకూడదని బావ పెట్టుకున్న రూలు. ఆ రోజు అంతకంటే తక్కువే, అయినా నేను మళ్లీ వెళ్లను.

రాత్రికి 900కె బస్సెక్కి భీమిలి చేరాం. లాడ్జి గది 900. గీజరు లేదు, ఫ్యాను మోత, దుప్పటి మాత్రం శుభ్రం. మొగకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి నడిచి వెళ్లొచ్చు కాబట్టి ఆ డబ్బుకి పరవాలేదు. వాచ్‌మన్ తెల్లవారుజామున నాలుగుకే టీ పెట్టిచ్చాడు. మూడు వేల రిసార్టులో ఈ సేవ దొరకదు.

డచ్చివాళ్ల సమాధులు దాటి గోస్తనీ మొగ చేరేసరికి పోటు ఎక్కుతోంది. ఏటి నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిసేచోట నురగ ఒక గీతలా కనిపించింది. బావ మొదట ఐసు రొయ్యే వేశాడు. వేసిన ప్రతిసారీ జెల్ల చేప, లేదంటే పీత కొరికేసిన ఖాళీ కొక్కెం. ఒక జెల్లని విడిపిస్తుంటే నా బొటనవేల్లో ముల్లు దిగింది. మోచేతి దాకా మంట. లాడ్జికి పరుగెత్తి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు ముంచితే గానీ తగ్గలేదు. గీజరు లేని లోటు వాచ్‌మన్ స్టవ్వే తీర్చింది.

తిరిగొచ్చేసరికి విసురు వల వేస్తున్న ఒక తాత దగ్గర బావ వంద రూపాయలకి గుప్పెడు బతికున్న రొయ్యలు తీసుకుని ఉన్నాడు. "తల మీద నల్ల మచ్చకి తగలకుండా గుచ్చు బాబూ, తగిల్తే చచ్చిపోద్ది" అన్నాడు తాత. ముక్కు కొమ్ము కింద నుంచి సన్నటి కొక్కెం దూర్చాను. రొయ్య కాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. సీసం చిన్నది కట్టి, నురగ గీత పక్కన వదిలాను. మూడోసారికి దారం పక్కకి గుంజుకుపోయింది. రెండు కేజీల పండుగప్ప! తర్వాత కవళ్ల ముక్కకి బావకి రెండు పార చేపలు పడ్డాయి. కవళ్ల కండ మెత్తన, సన్నటి దారం చుట్టకపోతే విసురుకే ఊడిపోతుంది.

భీమిలి మొగకి మళ్లీ వెళ్తాను. ఋషికొండకి గాలంతో వెళ్లడం దండగ, అక్కడ స్నానాల జనం.

కార్తీకం కదా, చేప ఇంట్లోకి రాదు. పండుగప్ప తాతకీ, పారలు వాచ్‌మన్‌కీ ఇచ్చేశాం. అక్క గుమ్మం దగ్గరే ఆపి, ఇద్దర్నీ పెరట్లో స్నానం చేసి రమ్మంది. నా ల్యూర్ల డబ్బాని మాత్రం వాసన చూసి లోపలికి రానిచ్చింది.