కొవ్వు తీయించాలా, ఎండోస్కోపీ ముక్క తీయించాలా?

నెల్లూరు, ఒంగోలు నుంచి రైలెక్కి చెన్నైలో చూపించుకునే మనవాళ్ల కోసం ఇది. డాక్టర్లు పేగులో లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్) ఉందన్నారు, అమైలాయిడ్ (మడత తప్పి పేరుకునే ప్రొటీన్) కూడా ఉందేమో చూడాలన్నారు. మరి పరీక్షకి ముక్క ఎక్కడ తీయించాలి?

ఈ రెండు జబ్బులకీ చుట్టరికం ఉంది. కొన్ని లింఫోమాల్లో కణాలు లైట్ చెయిన్ అనే ప్రొటీన్‌ని అదే పనిగా వదులుతాయి. అది మడత తప్పి పోగులుగా పేరుకుంటే ఏఎల్ అమైలాయిడోసిస్.

పొట్ట కొవ్వు పరీక్ష తేలిక. బొడ్డు పక్కన మత్తుసూది వేసి, సిరంజితో కాస్త కొవ్వు లాగుతారు, అంతే. ఒళ్లంతా పాకిన అమైలాయిడ్‌ని బాగానే పట్టిస్తుంది. చిక్కల్లా, మాల్ట్ రకం (పేగు లాంటి చోట్ల లోపలి పొరలో పుట్టే) లింఫోమాతో వచ్చే అమైలాయిడ్ చాలాసార్లు గడ్డ దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు కొవ్వులో ఏమీ దొరకదు. రిపోర్టులో నెగెటివ్ అని చూసి నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

ఎండోస్కోపీ అంటే కెమెరా గొట్టం లోపలికి పంపి చూసి, ముక్క తీయడం. దీనికి పరగడుపున వెళ్లాలి, ఖర్చూ ఎక్కువే. అమైలాయిడ్ చేరిన రక్తనాళాలు పెళుసు, నెత్తురు కారే భయం ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. అయినా గడ్డ గొట్టానికి అందే చోట ఉంటే నా ఓటు దీనికే. ఒకే ముక్కలో రెండూ తేలవచ్చు. కాంగో రెడ్ అద్దకం వేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే, అమైలాయిడ్ ఉన్నచోట ఆకుపచ్చ యాపిల్ రంగు మెరుస్తుంది. ఆ అద్దకం ప్రతి ముక్కకీ వెయ్యరు, కాబట్టి ల్యాబ్ ఫారంలో రాయించండి. గుండె, కిడ్నీలకీ పాకిందని అనుమానముంటే మాత్రం కొవ్వు పరీక్ష గురించీ డాక్టర్‌గారిని అడగాల్సిందే.