పాత అంబాసిడర్‌కి ఏ రేడియో మేలు?

మాది అంబాసిడర్ మార్క్ 3. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఆదివారం మైపాడు బీచికో, పండగకి కందుకూరులో పిన్నివాళ్లింటికో వెళ్లొస్తుంది, అంతే. నాన్న పెట్టించిన రెండు గుబ్బల రేడియో పోయిన వేసవిలో మూగబోయింది. మా అబ్బాయి కొత్త బ్లూటూత్ స్టీరియో కొందామన్నాడు. నాన్న పాతదే బాగు చేయించమన్నారు. నేను ఇద్దరి మాటా విని, రెండు వైపులా డబ్బు వదిలించుకుని, చివరికి మూడో దారి పట్టాను.

కొత్త స్టీరియోలో మంచి ముందు చెప్పుకోవాలి. ఎఫ్.ఎం. శుభ్రంగా వస్తుంది, ఫోనులో పాటలు వస్తాయి, పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు, చెడితే ఇంకోటి సులువుగా దొరుకుతుంది. చిక్కు కొలత దగ్గర మొదలవుతుంది. సింగిల్ డిన్ (కారు స్టీరియోల మామూలు కొలత) సెట్టుకి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఖాళీ కావాలి. పాత రేడియోకి రెండు గుబ్బలకి రెండు రంధ్రాలు, మధ్యలో డయల్‌కి చిన్న కిటికీ ఉంటే చాలు. అందుకని షాపులో కటింగ్ మెషిన్ బయటికి తీస్తారు. ఒప్పుకోకండి. డ్యాష్‌బోర్డు రేకు ఒకసారి కోశాక మునుపటిలా చేయడం మహా కష్టం. కింద బ్రాకెట్టు వేసి వేలాడదీయించుకోండి. చూపుకి అంత బాగుండదు, మోకాలికి తగులుతుంది కూడా. కానీ రేపు విప్పేస్తే కారు కారులాగే మిగులుతుంది.

రెండో చిక్కు స్పీకరు తీగల్లో ఉంది. నా డబ్బులు పోయింది అక్కడే. పాత రేడియోల్లో చాలావాటికి స్పీకరు నుంచి ఒక తీగే సెట్టుకి వెళ్తుంది, రెండోది కారు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. కొత్త సెట్టుకి అలా కుదరదు. దాని స్పీకరు తీగలు రెండింటిలోనూ కరెంటు ఉంటుంది, ఏదీ బాడీకి తగలకూడదు. మాకు బిగించిన కుర్రాడు పాత తీగనే వాడేశాడు. పావుగంట పాడి, వేడెక్కి, ఆగిపోయింది. లోపల ఆంప్లిఫయర్ ఐసీ కాలిపోయింది. ఇంకోటి కొనాల్సొచ్చింది. కాబట్టి ఒక్కో స్పీకరుకి సెట్టు నుంచి రెండేసి కొత్త తీగలు లాగించండి. స్పీకరు నిరోధం కూడా 4 ఓమ్‌లకి తక్కువ ఉండకూడదు.

అంతకన్నా ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి బిగించి ఉందో చూడాలి. అంబాసిడర్‌కి తల్లి అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్లస్సే బాడీకి ఉండేది. మీ పాత కారులోనూ అలాగే ఉంటే, మైనస్ ఎర్త్ కోసం చేసిన ఈనాటి సెట్టు బిగించగానే పోతుంది. పాత రేడియోల్లో కొన్నింటికి ప్లస్ ఎర్త్‌కైనా మైనస్ ఎర్త్‌కైనా సరిపోయేలా వెనక ప్లగ్గు తిప్పి పెట్టుకునే వీలుండేది. కొత్తవాటికి అది లేదు.

ఇక కరెంటు. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉంటుంది. అది అమ్మకపు లెక్క. అసలు వచ్చేది ఒక్కో స్పీకరుకి ఇరవై వాట్లు అటూ ఇటూ. మా కారులో ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని నింపేది ఇంకా పాతకాలపు డైనమోనే. డైనమో ఎంత కొట్టుకున్నా ఇచ్చేది 20 ఆంపియర్ల ప్రాంతంలో, ఇంజిన్ స్లోలో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి హెడ్‌లైట్లు వేసి, వైపర్ తిప్పి, పాటలు గట్టిగా పెట్టి రైల్వే గేటు దగ్గర ఆగారంటే బ్యాటరీ తినేస్తున్నట్టే. డైనమో బదులు ఆల్టర్నేటర్ వేయించుకున్నవాళ్లకి ఈ టెన్షన్ తక్కువ.

కొత్త సెట్టు వెనక పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, స్టేషన్లు గుర్తుంచుకునేది అదే. ఎర్రది తాళంతో ఆన్ అవ్వాల్సింది. నల్లది ఎర్త్. తాళంలో రేడియోకి వేరే స్థానం లేని పాత కార్లలో ఎర్ర తీగని ఇగ్నిషన్‌కి కలిపేస్తారు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, బీచిలో కూర్చుని గంటసేపు పాటలు విన్నారనుకోండి. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్చు) మూసుకున్న చోట ఇంజిన్ ఆగి ఉంటే, స్పార్కు పుట్టించే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. కాయిల్ కాలుతుంది, పాయింట్లూ పోతాయి. వేరే స్విచ్చు, వేరే ఫ్యూజు వేసుకుని బ్యాటరీ వైపు నుంచి తెచ్చుకోవడమే మంచిది.

పాతదాన్ని బాగు చేయించడం నాన్న పట్టు. నేను నవ్వాను గానీ, ఆయనదే సగం నిజమైంది. కావలిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ట్రాన్సిస్టర్ల కాలం నాటి మెకానిక్కు. సెట్టు విప్పి, "ఏందబ్బయా, దీనికేం రోగముండాది? కండెన్సర్లు ఎండిపోయినాయి, అంతే" అన్నాడు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఏళ్లు గడిస్తే ఎండిపోతాయి. అవి మార్చి, బరబరమంటున్న వాల్యూమ్ గుబ్బలో క్లీనర్ కొట్టి, తెగిన డయల్ దారం కట్టాడు. గొంతు లేచింది. ఆయన చెప్పిన ఇంకో చిన్న పని చాలామందికి తెలియదు. ఏరియల్ మారిస్తే సెట్టు పక్కన, ఏరియల్‌కి సెట్టుని జత కుదిర్చే ట్రిమ్మర్ స్క్రూని మళ్లీ సరిచేయాలి. మీడియం వేవ్ డయల్‌లో 1400 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో సన్నగా వినిపించే స్టేషన్ పెట్టి, గొంతు బాగా పెరిగే దాకా ఆ స్క్రూని మెల్లగా తిప్పాలి. అది చేయకపోతే మంచి సెట్టు కూడా నీరసంగా ఉంటుంది.

మీడియం వేవ్‌లో విజయవాడ అంటే మా ఇంట్లో 837, నాన్నకి ఆ అంకె ఫోన్ నంబర్లకన్నా బాగా గుర్తు. కానీ మా అబ్బాయి పాటలు ఇందులో రావు. బ్లూటూత్ కోసం సెట్టు లోపలి సరుకంతా పీకేసి కొత్త బోర్డు దూర్చే పద్ధతి ఒకటుంది. బాగా పని చేస్తున్న సెట్టుకి అలా చేయడం నాకు మనసొప్పలేదు. చచ్చిన సెట్టయితే సరే. పాత రూపంలో కొత్తగా వచ్చే రెండు గుబ్బల సెట్లూ ఉన్నాయి. గుబ్బల మధ్య దూరం మీ రంధ్రాలకి సరిపోతేనే కొనండి. రాత్రిపూట వాటి నీలం వెలుతురు నాకైతే పెళ్లి పందిరిలా ఉంటుంది.

రేడియో ఏదైనా, రొద వస్తే సెట్టునే తిడతాం. చాలాసార్లు తప్పు కారుది. ముందు ఏరియల్ ప్లగ్గు పీకి చూడండి. రొద పోతే అది ఏరియల్ గుండా వస్తోంది, పోకపోతే కరెంటు తీగల గుండా. టిక్కుటిక్కుమని ఇంజిన్‌తో పాటు వేగం పెరిగితే అది ఇగ్నిషన్. కుయ్‌మని ఎక్సలేటర్‌తో పాటు సాగితే డైనమో లేదా ఆల్టర్నేటర్. ఇగ్నిషన్ రొదకి కాయిల్ మీద తాళం వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కి రొదని మింగే రేడియో కండెన్సర్ వేయాలి. పొరపాటున పాయింట్ల వైపు వేస్తే రొద మాట అటుంచి స్పార్కే బలహీనపడుతుంది. డైనమోకి అయితే లావు టెర్మినల్‌కి వేయాలి, సన్నదానికి, అంటే ఫీల్డ్ టెర్మినల్‌కి ఎప్పుడూ వేయకూడదు.

మా కారులో అసలు దొంగ ఏరియల్ అడుగున దొరికాడు. సముద్రపు గాలికి ఫెండర్ రంధ్రం చుట్టూ తుప్పు పట్టి, ఎర్త్ లేకుండా పోయింది. గీకి, తెల్లగా రేకు తేలాక బిగించి, పైన గ్రీజు పూస్తే సగం రొద పోయింది. సెట్టు ఎర్త్ సంగతి మల్టీమీటర్ చెబుతుంది. సెట్టు పాడుతుండగా దాని బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ తీగ మార్చాలి.

ఇక మూడో దారి. రెండు స్పీకర్లకి సరిపడే చిన్న బ్లూటూత్ ఆంప్లిఫయర్ బోర్డు, వెయ్యి రూపాయల లోపే వచ్చింది. గ్లవ్ బాక్సు వెనక కనపడకుండా బిగించి, సొంత స్విచ్చు, సొంత ఫ్యూజు, వేరే స్పీకర్లు ఇచ్చాను. డ్యాష్‌బోర్డులో పాత రేడియో దాని పాత స్పీకరుతో దాని చోటే ఉంది. స్విచ్చు ఆపితే ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా తాగదు, కారు మూడు వారాలు షెడ్డులో ఉన్నా బ్యాటరీకి భయం లేదు. ఇందులో ఎఫ్.ఎం. లేదు, పాట మార్చాలంటే ఫోను పట్టుకోవాలి, నడిపేవాడు ఒక్కడే ఉంటే అది ఇబ్బందే.

కాబట్టి రోజూ ఒంగోలు, నెల్లూరు మధ్య తిరిగే కారు అయితే, ఆల్టర్నేటర్ కూడా ఉంటే, బ్రాకెట్టు మీద కొత్త స్టీరియోనే పెట్టుకోండి. ఆదివారం కారు అయితే పాతది బాగు చేయించి, వెనక బోర్డు దాచుకోండి. రెండోసారి కొన్న స్టీరియో మా కారులో నిలవలేదు, పిన్నివాళ్ల ట్రాక్టర్‌లోకి వెళ్లింది. బాబాయి దుక్కి దున్నుతూ దాని గొంతు ఎంత పెంచుతున్నాడో పక్క చేనువాళ్లని అడగాలి.