పసుపు రంగు చూసి ఇత్తడి అనుకోకండి: కార్పెట్ క్లీనింగ్ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక

విశాఖలో కార్పెట్, సోఫా క్లీనింగ్ చేసుకుని బతికేవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్యే మెషిన్ కొన్నవాళ్లు తప్పకుండా చదవండి. జత 190 రూపాయలకు కొన్న కప్లింగు (హోస్‌ని బిగించే ముక్క, కప్లర్ అని కూడా అంటాం) వల్ల మా కుర్రాడి చెయ్యి కాలింది. ఒకరింట్లో చెక్క ఫ్లోరింగు ఉబ్బిపోయింది. పండగ ముందు నాలుగు రోజుల పని పోయింది.

అప్పటికి సంక్రాంతికి ఇంకా పది రోజులుంది. ఆ రోజుల్లో మన పని ఎలా ఉంటుందో మీకు తెలుసు, రోజుకు రెండిళ్లు, ఒక్కోసారి మూడు. నా సొల్యూషన్ హోస్‌కి (మెషిన్ నుంచి కెమికల్ కలిపిన వేడినీళ్లు ప్రెషర్‌తో వచ్చే పైపు) ఉన్న పాత క్విక్ కప్లర్లు చెమ్మ కారుతుంటే మారుద్దామని ఊళ్లో ఒక షాపుకి వెళ్లాను. "ప్యూర్ బ్రాస్ బాబూ, కళ్లు మూసుకుని తీసుకెళ్లు" అన్నాడు షాపతను. బంగారంలా మెరుస్తున్నాయి. వేరేచోట అదే సైజు జత ఐదొందలకు పైనే చెప్పారు. నాలుగు జతలు తీసుకున్నాను. బిల్లు మీద "ఫిట్టింగ్స్ - 4" అని మాత్రమే రాశాడు. అప్పుడే "బ్రాస్ అని రాయండి" అని అడగాల్సింది, అడగలేదు.

వారం తిరక్కుండానే ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో పని. మూడో అంతస్తు. మెషిన్ బాత్రూమ్ దగ్గర పెట్టి, హోస్ బెడ్‌రూమ్ దాకా లాగాం. నీళ్లు సుమారు 80 డిగ్రీల వేడి, ప్రెషర్ 250 పీఎస్‌ఐ, అంటే దాదాపు 17 బార్లు. మా కుర్రాడు హోస్ జరుపుతుంటే టప్‌మని శబ్దం వచ్చింది. కప్లర్ మర (స్క్రూలా ఉండే చుట్లు) మొదట్లో తెగి రెండు ముక్కలైంది. హోస్ పాములా ఎగిరి, వేడినీళ్లు అతని ముంజేతి మీద పడ్డాయి. నేను పరుగెత్తి స్విచ్ ఆపేలోపు బకెట్ నీళ్లకు పైనే చెక్క పలకల సందుల్లోకి దిగిపోయాయి.

చేతిని కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ ఇంటి ఆంటీ "ముందు అబ్బాయిని చూడండి నాయనా, నేల సంగతి తర్వాత" అన్నారు. ఆ మాట నేను మర్చిపోను. ఉబ్బిన పలకలు మార్పించే ఖర్చు నేనే పెట్టుకున్నాను. కుర్రాడు పనిలోకి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ రాత్రి పడుకుంటే ఆ టప్ అనే శబ్దమే వినపడేది. అవే నీళ్లు అతని మొహం మీద పడి ఉంటే?

విరిగిన ముక్కని వెలుతురులో చూస్తే సంగతి తెలిసింది. పైన పసుపు, లోపలంతా బూడిద రంగు, పంచదార గడ్డ విరిగినట్టు గరుకుగా ఉంది. అది ఇత్తడి కాదు. జింక్ మిశ్రమాన్ని అచ్చులో పోసి, పైన పసుపు పూత పూసిన సరుకు. దీన్ని పట్టుకుని షాపుకి వెళితే "మీరే ఎక్కువ బిగించేసుంటారు" అన్నాడు. బిల్లు చూపిస్తే "అందులో బ్రాస్ అని ఎక్కడుంది?" అన్నాడు. డబ్బులు తిరిగి ఇవ్వలేదు, ఇంకో ముక్క ఇస్తానన్నాడు. అదే డబ్బాలోంచి!

జింక్ సరుకు మన పనికి ఎందుకు పనికిరాదో చెబుతాను. జింక్‌ని క్షారం తినేస్తుంది. కార్పెట్ షాంపూలు, ప్రీ-స్ప్రేలు (కడిగే ముందు చల్లే కెమికల్స్) ఎక్కువగా క్షార గుణం ఉన్నవే. దానికి తోడు వేడి. జింక్ మిశ్రమాలు వేడికి త్వరగా బలం తగ్గిపోతాయి. మర గొంతు దగ్గర గోడ అసలే పలచన, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ప్రెషర్ కొడుతుంది. తోటకి నీళ్లు పట్టే పైపుకైతే అదే ముక్క ఏళ్ల తరబడి పనిచేయవచ్చు. మనకి చేయదు.

కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూస్తే చాలని కొందరు అంటారు. చాలదు. అంటుకుంటే లోపల ఇనుము అని తెలుస్తుంది, అంతే. ఇత్తడికీ అంటుకోదు, జింక్‌కీ అంటుకోదు. నమ్మకమైనది ఆకురాయి. మర లోపలి అంచున గానీ, కనపడని చోట గానీ రెండుసార్లు గీయండి. లోపల కూడా పసుపే వస్తే ఇత్తడి. తెల్లగా, బూడిదగా వస్తే అక్కడే పెట్టి వచ్చేయండి. షాపులో గీయనివ్వకపోతే ఒకే ముక్క కొని ఇంటికొచ్చి గీయండి, తర్వాతే మిగతావి కొనండి. చేతిలో బరువు కూడా చెబుతుంది. ఒకే సైజు ముక్కలు రెండు పట్టుకుంటే ఇత్తడిది బాగా బరువుంటుంది, జింక్ దానికంటే పాతిక శాతం దాకా ఎక్కువ.

రెండో మోసం మరల దగ్గర ఉంది, అది మోసం కూడా కాకపోవచ్చు, తెలియనితనం. మన దగ్గర దొరికే ఫిట్టింగులు ఎక్కువగా బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత మర. అమెరికన్ డిజైన్ మెషిన్లకు ఎన్‌పీటీ అనే అమెరికన్ కొలత మర ఉంటుంది. పావు అంగుళం సైజులో బీఎస్‌పీకి అంగుళానికి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. మర కోణాలూ వేరు, ఒకటి 55 డిగ్రీలు, ఇంకొకటి 60. ఒకదానికి ఇంకోదాన్ని బిగిస్తే మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ పానాతో బలంగా తిప్పి, టెఫ్లాన్ టేప్ నాలుగు చుట్లు ఎక్కువ చుడితే కారడం ఆగినట్టే కనిపిస్తుంది, కానీ మర లోపల నలిగిపోయి ఉంటుంది. అర అంగుళం సైజులో ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ రెండింటికీ 14 చుట్లే, తేడా చేతికి తెలియదు. మెషిన్‌తో వచ్చిన పాత ముక్కని జేబులో వేసుకుని వెళ్లి, కొత్తదాన్ని చేత్తో చివరి దాకా ఎక్కించి చూడండి.

హోస్ కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన అంకె ఏమిటో అడగండి. కొందరు బరస్ట్ ప్రెషర్‌ని (హోస్ పగిలిపోయే ప్రెషర్) వర్కింగ్ ప్రెషర్ (మామూలుగా వాడదగ్గ ప్రెషర్) అని చెప్పి అమ్మేస్తున్నారు. మంచి హైడ్రాలిక్ హోస్‌కి బరస్ట్ ప్రెషర్ వర్కింగ్ ప్రెషర్‌కి నాలుగు రెట్లు ఉంటుంది. అంటే పగిలే అంకెని పనిచేసే అంకె అనుకుని వాడితే ఆ భద్రత మొత్తం పోయినట్టే. హోస్ మీద ఉష్ణోగ్రత హద్దు కూడా చూడండి. ఇక ప్రెషర్ వైపు స్క్రూ క్లిప్ వేసి పని కానివ్వడం దయచేసి మానండి. క్లిప్పులు మురికి నీళ్లు లాగే సక్షన్ హోస్‌కి సరిపోతాయి. సొల్యూషన్ హోస్‌కి చివర్లు మెషిన్‌తో ప్రెస్ చేయించాల్సిందే. ఆటోనగర్ వైపు హైడ్రాలిక్ హోసులకు చివర్లు వేసేవాళ్లకి ఇది చిన్న పని.

సముద్రం ఒడ్డున హోటళ్లలో ఎక్కువ పని ఉన్నవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్ గురించి ఆలోచించవచ్చు. ఉప్పుగాలికి 304 కంటే 316 గ్రేడ్ బాగా నిలుస్తుంది, ధర కూడా ఆ మేరకు ఎక్కువే. నా వరకైతే గట్టి ఇత్తడి చాలు. అయితే ఇత్తడిని అమోనియా ఉన్న కెమికల్స్‌కి దూరంగా ఉంచాలి, అమోనియా వల్ల ఇత్తడికి పగుళ్లు వస్తాయి. స్టీల్‌కి బ్లీచింగ్ పడదు, చిన్న చిన్న గుంటలు పడతాయి.

మంచివి కొన్నా చూసుకోకపోతే దండగే. మేము ఇప్పుడు ప్రతి ఇల్లూ అయ్యాక ట్యాంకులో మంచినీళ్లు పోసి రెండు నిమిషాలు హోస్ గుండా వదులుతున్నాం. కెమికల్ లోపల ఎండితే కప్లర్ లోపలి స్ప్రింగు పట్టేస్తుంది. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో సున్నం పేరుకుంటుంది. నెలకోసారి నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి శుభ్రంగా కడిగితే పోతుంది. విప్పే ముందు మెషిన్ ఆపి, ట్రిగ్గర్ నొక్కి లోపలి ప్రెషర్ వదిలేయాలి. విప్పిన కప్లర్‌ని నేల మీద పడేయకూడదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఆ సన్నటి ఇసుక ఒక్క రేణువు చాలు, ఓ-రింగు (కప్లర్‌లో నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) కోసుకుపోవడానికి. మూత లేకపోతే చిన్న ప్లాస్టిక్ కవర్ రబ్బరు బ్యాండుతో కట్టండి.

ఓ-రింగు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. వేడినీళ్లకి, క్షారానికి ఈపీడీఎం అనే రకం రబ్బరు మంచిది. కానీ దానికి ఇంజినాయిలు గానీ, వ్యాజిలిన్ గానీ రాశారంటే ఉబ్బి పాడైపోతుంది. సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. చపటగా అయిపోయినా, వంచితే సన్నటి గీతలు కనిపించినా మార్చేయండి. ఖరీదైనదని అమ్మే వైటన్ రింగు నూనెలకి మంచిదే గానీ, వేడినీళ్లూ క్షారం కలిసే మన పనికి అంత తగినది కాదు.

డబ్బులు పోగొట్టుకున్నవాళ్లకి ఒక మాట. "వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కాదు" అని షాపులో బెదిరిస్తారు. నన్నూ అలాగే అన్నారు. సొంతంగా పనిచేసుకుని పొట్ట పోసుకోవడానికి కొన్నదైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకీ వర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. బిల్లు మీద సరుకు పేరు, లోహం, సైజు రాయించుకుని ఉంటే మన మాట నిలబడుతుంది.

నేను ఫిర్యాదు ఇచ్చాను. విరిగిన ముక్క, మిగిలిన మూడు జతలు నా దగ్గరే ఉన్నాయి. ఆకురాయితో గీసి, నిజమైన ఇత్తడి ముక్క పక్కన పెట్టి ఫోటోలు తీశాను. మీరు కొన్నవాటి మీద అనుమానం ఉంటే అడగండి, పంపిస్తాను, పక్కన పెట్టి పోల్చుకోండి.