తంగేడు తోలు అని పొట్టు షీటు అంటగట్టాడు, జాగ్రత్త!

మన విజయవాడ వన్‌టౌన్‌లో ఆ తోలు సామాన్ల షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. విల్లు పట్టే పిల్లలున్న వాళ్ళం పట్టీలకీ, చేతి తొడుగులకీ అక్కడికే పోతాం కదా.

మా వాడిది విలువిద్యలో ఇండియన్ రౌండ్ విభాగం, అంటే వెదురు విల్లు. దానికి ప్లాస్టిక్ అమ్ములపొది ఏం బావుంటుంది, నేనే చేస్తానన్నాను. లావుపాటి వెదురు బొంగుకి అడుగు కణుపు ఉంచి, మిగతావి కాల్చిన చువ్వతో పొడిచేశాను. మొనలు దెబ్బతినకుండా అడుగున గొర్రె ఉన్ని కూరాను. ఇక పైన తోలు తొడుగు, నడుముకి పట్టీ మిగిలాయి. తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన తోలు కావాలని అడిగితే, "ఇదే సార్, కెమికల్ చుక్క లేదు" అన్నాడు. 1,850 రూపాయలు. నా కొలతకి కత్తిరించింది కూడా అతనే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంటికొచ్చి ఆరతో బెజ్జాలు పెట్టి, మైనం పట్టించిన దారం లాగితే బెజ్జం కాస్తా బారెడు చీలిక అయింది. పై పొర గోరుకి లేచొచ్చింది. లోపల జిగురుతో అతికించిన తోలు పొట్టు! చిన్న ముక్కకి నిప్పంటిస్తే ముడుచుకుని కరిగి ప్లాస్టిక్ కంపు. అసలు తోలైతే కాలిన వెంట్రుకల వాసన రావాలి.

మర్నాడు పట్టుకెళ్ళాను. అదే మనిషి, నిన్న "సార్, సార్" అన్న నోరే. "కత్తెర పడ్డ సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. కత్తెర వేసింది ఎవరయ్యా అంటే జవాబు లేదు. "మీరే మార్చి తెచ్చారేమో, మాకేం తెలుసు" అని, షాపు నిండా జనం ఉండగా పనికుర్రాడి వైపు తిరిగి, "ఈయనకి అమ్ములపొది కావాలంటరా, ఇంద్రకీలాద్రి ఎక్కి తపస్సు చెయ్యమను, అర్జునుడికి ఇచ్చినట్టు ఇస్తారు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నా చెవులు ఇంకా మండుతున్నాయి.

బాబూ, కొండమీద శివుడు ఇచ్చింది పాశుపతం అనే అస్త్రం, పొది కాదు. అక్షయ తూణీరాలు, అంటే అమ్ములు తరగని పొదులు, ఖాండవ దహనం నాడు అగ్నిదేవుడు వరుణుడిని అడిగి ఇప్పించినవి. అన్నేళ్ళు వాడాక కూడా చివర్లో వరుణుడికి వాపసు వెళ్ళాయి. నీ షాపులో మాత్రం ఒక్క రాత్రికే వాపసు లేదు! ఇదంతా నాకు ఇంటికొచ్చాక తట్టింది. అక్కడ మాత్రం మహా పండితుడిలా నోరు మూసుకుని నిలబడ్డాను.

కొనేవాళ్ళు ఓ మూల మీద నీటిచుక్క వేసి చూడండి. చెక్కతో పదును చేసిన తోలైతే పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది, పూత వేసిన షీటు మీద చుక్క జారిపోతుంది. తెగిన అంచు కూడా చూడండి, నారలు కనబడాలి. బిల్లు మీద ఏ తోలో రాయించుకోండి, నాకు "లెదర్ ఐటెం" అని గీకి ఇచ్చాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, బిల్లులో గడువు లేకపోతే లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. పట్టీకి ఈసారి చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలు తీసుకుంటున్నాను, ముందు నీటిచుక్క వేసి చూపించమన్నాను.