రెండు డిస్కుల పెట్టా, నాలుగు డిస్కుల పెట్టా? చిన్న స్టూడియోకి ఏ నాస్ మేలు

గుణుపురంలో కొత్తగా స్టూడియో పెట్టిన మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. "మావయ్యా, నాస్ కొందామనుకుంటున్నాను. రెండు డిస్కులది చాలా, నాలుగు డిస్కులది తీసుకోమంటావా?" అని. వెంటనే వాట్సాప్‌లో మూడు పెట్టెల స్పెసిఫికేషన్లు కూడా పంపించాడు. నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. వాడికి చెప్పింది ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో స్టూడియో నడుపుకునే మనవాళ్లకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. నాస్ అంటే కేబుల్‌తో రౌటర్‌కి తగిలించుకునే డిస్కుల పెట్టె. ఆఫీసులో ఏ కంప్యూటర్ నుంచైనా, ఫోన్ నుంచైనా అందులో ఫైళ్లు పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు.

నేను దీని జోలికి ఎందుకు వచ్చానో ముందు చెప్పాలి. అంతకుముందు అన్ని పెళ్లిళ్లూ జేబు హార్డ్‌డిస్కుల్లో వేసి, పేర్లు రాసి బీరువాలో పెట్టేవాణ్ని. అందులో పాతపట్నం పెళ్లి ఉన్న డిస్కు ఒకటి కింద పడలేదు, తడవలేదు. ఒకరోజు తగిలిస్తే టిక్, టిక్, టిక్ అని కొట్టుకుని ఆగిపోయింది. విశాఖ పట్టుకెళ్తే లోపల హెడ్ పోయిందన్నారు. పెళ్లికూతురి తల్లి అప్పగింతల వీడియో ఇంకోసారి ఇమ్మని వచ్చినప్పుడు నా దగ్గర ఆల్బమ్ ఫొటోలు తప్ప ఏమీ లేవు. ఆవిడ గొడవ పడలేదు. "పోనీలే బాబూ" అని వెళ్లిపోయింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

కాబట్టి అల్లుడికి నేను వేసిన మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించి కాదు. ఏడాదికి ఎంత సరుకు పోగవుతుంది? వాడి కెమెరా 4కే వీడియోని సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన రాస్తుంది. అంటే గంటకి 45 జీబీ. పెళ్లికి ఐదు గంటలు తీస్తే 225 జీబీ. రా ఫొటోలు 2,500 తీస్తే, ఒక్కోటి 30 ఎంబీ చొప్పున మరో 75 జీబీ. మొత్తం 300 జీబీ. ఏడాదికి 15 పెళ్లిళ్లంటే 4.5 టీబీ.

ఇప్పుడు రెండు డిస్కుల పెట్టెలో 8 టీబీవి రెండు వేశామనుకోండి. రైడ్ అంటే డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి. రైడ్ 1లో రెండిట్లోనూ అదే సరుకు ఉంటుంది కాబట్టి మనకి మిగిలేది 8 టీబీయే. విండోస్‌లో అది 7.27 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని కంగారు పడొద్దు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. ఏడాదిన్నర పెళ్లిళ్లు ఇందులో పడతాయి. నాలుగు డిస్కుల పెట్టెలో 4 టీబీవి నాలుగు వేసి రైడ్ 5 పెడితే 12 టీబీ దొరుకుతుంది. ఒక డిస్కు పోయినా సరుకు ఉంటుంది. కానీ కొత్తది పెట్టి మళ్లీ నింపుకునేలోగా రెండోది కూడా పోతే మొత్తం పోయినట్టే. రైడ్ 1లో అయితే ప్రతి డిస్కులోనూ నిండు కాపీ ఉంటుంది. చిన్న స్టూడియోకి ఆ సరళత నాకు ఇష్టం.

నాలుగు డిస్కులదానికి నిజమైన లాభం ఒకటుంది. ముందు రెండే వేసుకుని, సరుకు పెరిగాక మూడోది, నాలుగోది చేర్చుకోవచ్చు. నాస్‌లు చేసే సైనాలజీ కంపెనీ వాళ్ల ఎస్‌హెచ్‌ఆర్ పద్ధతిలో వేర్వేరు సైజు డిస్కులు కలిపి వాడుకోవచ్చు కూడా. ఏడాదికి 30, 40 పెళ్లిళ్లు చేసేవాళ్లకి, ఇద్దరు ఎడిటర్లు కూర్చునే చోటికి, నేనైతే నాలుగుదే చెబుతాను. అల్లుడికి ఇప్పుడు అంత అవసరం లేదు.

ఇక వాడు పంపిన రెండు డిస్కుల పెట్టెలు. సైనాలజీ డీఎస్224 ప్లస్‌లో ఇంటెల్ సెలెరాన్ జె4125 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, ఒక గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు రెండు. క్యూనాప్ అనే ఇంకో కంపెనీ టీఎస్-264లో దానికంటే కొత్త సెలెరాన్, 8 జీబీ ర్యామ్, 2.5 గిగాబిట్ పోర్టులు రెండు, ఎస్‌ఎస్‌డీలకి ఎం.2 స్లాట్లు రెండు. కాగితం మీద చూస్తే క్యూనాప్ నెగ్గింది. వాడూ అదే అన్నాడు.

అక్కడే ఆగమన్నాను. ఒక గిగాబిట్ అంటే నిజంగా చేతికి వచ్చేది సెకనుకి 110 ఎంబీ చుట్టూ. వాడి 4కే వీడియో ఒక్కోటి అడిగేది 12.5 ఎంబీ. మూడు కెమెరాల ఫుటేజీ ఒకేసారి టైమ్‌లైన్ మీద పరిచినా 40 దాటదు. ఒక్కడే కూర్చుని ఎడిట్ చేసుకునేవాడికి గిగాబిట్ చాలు. 2.5 కావాలంటే పెట్టెకి ఉంటే సరిపోదు, నెట్‌వర్క్ స్విచ్‌కీ కంప్యూటర్‌కీ కూడా ఉండాలి. రెండు గిగాబిట్ పోర్టులు కలిపితే రెండు గిగాబిట్లు వస్తాయనుకోవడం కూడా పొరపాటు. ఒకే పోర్టు ఉన్న కంప్యూటర్ ఒక ఫైలు లాగేటప్పుడు ఒక పోర్టు వేగమే వస్తుంది. ఎం.2 స్లాట్లలో క్యాష్ (తరచు వాడే ఫైళ్లని ఎస్‌ఎస్‌డీలో దగ్గర పెట్టుకోవడం) పెట్టినా మన పెద్ద పెద్ద వీడియో ఫైళ్లకి ఒరిగేది తక్కువ. ర్యామ్ మాట నిజమే, పెట్టెలోనే నాలుగైదు సాఫ్ట్‌వేర్లు నడపాలంటే 8 జీబీ మేలు. ఫైళ్లు దాచుకోవడానికైతే 2 జీబీతో పని సాగుతుంది. సైనాలజీదే కొత్త మోడల్ డీఎస్225 ప్లస్‌లో ఒక పోర్టు 2.5 గిగాబిట్ ఇచ్చారు. ధరలో పెద్ద తేడా లేకపోతే దాన్ని తీసుకోమన్నాను.

అసలు వేగం ఎక్కడ పోతుందో నాకు అనుభవం మీద తెలిసింది. నేను నాస్ కొన్న రోజు 2 టీబీ కాపీ పెట్టాను. స్క్రీన్ మీద 11 ఎంబీ దాటడం లేదు. ఆ లెక్కన రెండు రోజులు దాటిపోతుంది. పెట్టెదే లోపమనుకుని వాపసు ఇచ్చేద్దామనుకున్నాను. చివరికి గోడలోంచి వచ్చిన కేబుల్ చివర జాక్‌ని వెలుతురులో పెట్టి చూశాను. అది పారదర్శకంగా ఉంటుంది కదా, ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నాలుగే కనిపించాయి. నాలుగు తీగలతో వంద మెగాబిట్లే నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కొత్త క్యాట్ 6 కేబుల్ లాగించాక అదే కాపీ ఐదు గంటల్లో అయిపోయింది. రెండు పెట్టెల ప్రాసెసర్లకి మధ్య ఉన్న తేడా కంటే ఆ నాలుగు తీగల తేడా ఎంతో పెద్దది.

పాత కంప్యూటర్‌నే నాస్‌గా మార్చే ట్రూనాస్ వేసుకోవచ్చు కదా అంటారు. సాఫ్ట్‌వేర్ ఉచితం, చాలా గట్టిది. కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలంటారు. నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా చేయండి. కానీ కరెంటు లెక్క చూసుకోండి. చిన్న పెట్టె 15 వాట్ల చుట్టూ తింటుంది, నెలంతా నడిచినా 11 యూనిట్లే. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తింటే 43 యూనిట్లు అవుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో అది మొరాయిస్తే బాగుచేసుకోవాల్సింది కూడా మనమే.

డిస్కుల దగ్గర మాత్రం చౌకకి పోవద్దు. స్పెసిఫికేషన్‌లో సీఎంఆర్ అని, అంటే ట్రాకులు విడివిడిగా రాసే రకమని ఉండాలి. ఎస్‌ఎంఆర్ డిస్కులు ట్రాకుల మీద ట్రాకులు కొంత ఎక్కించి రాస్తాయి. పోయిన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని ముందుగా చెప్పలేదని పెద్ద గొడవే అయింది. ఆ తరవాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కూడా సీఎంఆరే.

అన్నిటికంటే ముఖ్యమైనది పెట్టె బయట ఉంది. రైడ్ అనేది డిస్కు చెడిపోవడం నుంచి కాపాడుతుంది. మనం పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచిపెట్టిన క్యూనాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లకి తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. 2014లో సైనాలజీ పెట్టెల మీద కూడా ఇలాంటి దాడే జరిగింది. అందుకే రౌటర్‌లో దానికి దారి తెరవొద్దు, అప్‌డేట్లు వాయిదా వేయొద్దు, స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఫలానా సమయానికి ఎలా ఉన్నాయో దాచి, మళ్లీ అలాగే తెచ్చే సౌకర్యం) ఆన్ చేసుకోవాలి.

మన వైపు ఇంకో భయం ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను గంజాం జిల్లా గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి, రాయగడల మీదికి వచ్చింది. నీళ్లొస్తే ఒకే గదిలో ఎన్ని డిస్కులున్నా ఒకటే. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 లెక్క మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్లో. మన పనికి సరిగ్గా సరిపోయే లెక్క ఇది.

కాబట్టి అల్లుడికి నేను చెప్పింది ఇది: రెండు డిస్కుల సైనాలజీ, 8 టీబీ సీఎంఆర్ డిస్కులు రెండు. నాలుగు డిస్కుల పెట్టెకి పెట్టాలనుకున్న పైడబ్బుతో 8 టీబీ బయటి డిస్కు ఒకటి, చిన్న యూపీఎస్ ఒకటి. యూపీఎస్‌కి యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూసుకోమన్నాను, ఉంటే కరెంటు పోయినప్పుడు నాస్ తనంతట తాను సక్రమంగా ఆగుతుంది. డెలివరీ ఇచ్చిన ఏడాదికి రషెస్ (ఎడిట్ చేయని ఫుటేజీ) తీసేస్తామని బుకింగ్ కాగితంలోనే రాయించుకోమన్నాను.

బయటి డిస్కుల సంగతి ఇద్దరం మాట్లాడుకున్నాం. ఒకరి పెళ్లిళ్లు ఇంకొకరి చేతిలో తెరుచుకోకుండా పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తాం. నెలకో ఆదివారం వాడు గుణుపురం రైలెక్కి వాడి డిస్కు మా ఇంటికి తెస్తాడు, నాది పట్టుకెళ్తాడు. చేతిసంచిలో వేసుకురావద్దని, స్పాంజి పరిచిన స్టీలు డబ్బాలో పెట్టుకురమ్మని వాళ్లమ్మకి కూడా చెప్పాను.